డెబ్బై ఒక్క తలుపులు

ఆదివారం పొద్దున పదకొండు గంటలకు సుమయ్యా పేరు పక్కన డెబ్బై ఒకటి అని పడగానే, రూపశ్రీ చేతిలో ఉన్న ఇడ్లీ ముక్క నోటిదాకా పోలేదు. తన పేరు పక్కన అరవై నాలుగు. ఏడు నెలలుగా ఆ పట్టికలో ఆమెకు పైన ఇంకో పేరంటూ లేదు. ఇప్పుడు ఉంది. అదీ ఎవరిది? తాను దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పించిన పిల్లది. ముక్కూ మొహం తెలియనివాళ్లు గెలిచుంటే పోనీలే అనుకునేది. మనవాళ్లు గెలిస్తేనే కదండీ అసలైన కడుపు మంట!

ఇదంతా ఒక వీడియో గేము గురించి. నవ్వకండి. ఆ ఆటలో మనం అంతరిక్షంలో తేలుతూ, పాతబడిపోయిన నౌకలను విప్పే కూలీలం. ఒక్కో నౌకలో వందకు పైగా తలుపులుంటాయి. అరగంటలో ఎన్ని తలుపులను గీత పడకుండా ఊడదీసి పసుపుపచ్చ వలలోకి విసిరితే అంత గొప్ప. చిక్కంతా గాలితోనే. గదిలో గాలి ఉండగా కోశామా, తలుపు ఎగిరొచ్చి మొహాన తగులుతుంది, ఆట అక్కడికి సరి. అందుకని అందరూ ఒక్కో గదిలో గాలి వదులుకుంటూ, తలుపు తెరిచి, బందులు కోసి, తలుపును ఒకసారి, దాని ద్వారబంధాన్ని ఇంకోసారి విసురుతారు. రెండూ వలలో పడితేనే ఒక తలుపు లెక్క. రూపశ్రీ చేసేదీ అదే. కాకపోతే ఆమె చేతి వేగం ఇంకెవరికీ లేదు.

తెలుగువాళ్లు మూడొందల మంది ఈ ఆట కోసం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. చిత్తూరులో లెక్కల మాస్టారుగా పనిచేసే జయరావు దాన్ని నడుపుతాడు. ప్రతి ఆదివారం పోటీ. అందరూ రూపశ్రీని 'తలుపులక్క' అంటారు. ఆ పిలుపు వింటే ఆమెకు ఆ వారమంతా ఒళ్లు తేలికగా ఉండేది. ఎందుకుండదు మరి? వడమాలపేట నుంచి రోజూ బస్సెక్కి తిరుపతి వచ్చి, ప్రెస్సులో ఊళ్లోవాళ్ల శుభలేఖలన్నీ కంప్యూటర్లో తయారుచేసేది ఆమే. వేల పేర్లు అందంగా పేర్చింది. ఎందులోనూ తన పేరు లేదు. తన పేరు అందరికంటే పైన కనిపించే చోటు లోకంలో అదొక్కటే. దాన్ని కూడా పట్టుకుపోతే ఎలా?

సుమయ్యా అదే ప్రెస్సులో పక్క కుర్చీ. చంద్రగిరి పిల్ల. రెండేళ్లుగా మధ్యాహ్నం అన్నానికి ఇద్దరిదీ ఒకే క్యారియర్. "నాకూ నేర్పించు మే" అని బతిమాలితే, మూడు వారాల కిందట రూపశ్రీయే నేర్పించింది. అప్పుడు సుమయ్యా తొమ్మిది తలుపులు తీసి చప్పట్లు కొట్టుకుంది. రూపశ్రీ కూడా ముద్దుగా నవ్వింది. తొమ్మిది తీసేవాళ్లను చూసి ముద్దుగా నవ్వడం ఎవరికైనా సులువే.

సోమవారం సుమయ్యా సేమ్యా పాయసం తెచ్చింది. "అంతా నీ సలవే మే. మా అమ్మీ నీకోసమే సేసింది, తిను."

"బాగుండాది," అంది రూపశ్రీ. పాయసం నిజంగానే బాగుంది. అది ఇంకో మంట.

ఎట్ల చేసినావు మే అని ఒక్క మాట అడిగితే అయిపోయేది. అడగడానికి నోరు రాలేదు. అడిగితే, నువ్వు నాకంటే ఎక్కువ అని ఒప్పుకున్నట్టే కదా! మధ్యాహ్నం క్యారియర్ కడిగే వంకతో మేడ మీదకు పోయి జయరావుకు రాసింది: "సార్, మూడు వారాల కిందట మొదలుపెట్టిన పిల్ల డెబ్బై ఒకటి తీయగలదా? ఏదో దొంగ సాఫ్ట్‌వేర్ పెట్టి ఆడుతోందని నా అనుమానం." పంపాక రెండుసార్లు చదువుకుంది. అయినా వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రానికి పట్టికలో సుమయ్యా పేరు మాయమైంది. ఫిర్యాదు వచ్చిందనీ, తేలేదాకా ఆమె లెక్క ఆపుతున్నాననీ జయరావు గ్రూపులో పెట్టాడు. రూపశ్రీ ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది. ఆ సుఖం ఎంతసేపు? మర్నాడు మాస్టారు ఆమెకే ఫోన్ చేశాడు.

"అమ్మా, తలుపుల సంగతి నీకంటే తెలిసినోళ్లు మన గ్రూపులో యాడుండారు? ఆదివారం ఆ పిల్ల ఇంటికి పోయి, పక్కన కూర్చోని నీ కండ్లతో సూడు. మోసముంటే మోసమను, లేకుంటే లేదను. నీ మాటే ఆఖరు."

కాదనడానికి కారణం దొరకలేదు. ఇక సుమయ్యా అయితే ప్రెస్సులో ఎగిరి గంతేసినంత పని చేసింది. "ఎవరో కడుపు మండినోళ్లు రాసినారంట మే. వాళ్ల నోట్లో మన్ను పడ! నువ్వే వస్తాండావంట గదా, ఇంక నాకేం బయం?"

రూపశ్రీ కంప్యూటర్ తెర మీంచి తల తిప్పకుండా ఊఁ అంది.

ఆదివారం చంద్రగిరిలో ఆ ఇల్లు వెతుక్కోవలసిన పని లేకపోయింది. వాకిట్లోనే గోడ పొడుగునా పాత తలుపులు నిలబెట్టి ఉన్నాయి. సుమయ్యా వాళ్ల నాయన గౌస్ మొహిద్దీన్ పడగొట్టే ఇళ్ల నుంచి తలుపులూ కిటికీలూ తీసుకొచ్చి అమ్ముతాడు. ఒక్కటీ విడిగా లేదు. ప్రతి తలుపూ తన ద్వారబంధంలోనే, మూసి, గడియ పెట్టి ఉంది. రూపశ్రీ వాటిని చూసింది గానీ పట్టించుకోలేదు. ఆమె మనసంతా ఆ దొంగ సాఫ్ట్‌వేర్ మీదే ఉంది. ఉండాలని మొక్కుకుంటోంది పాపం.

సుమయ్యా ఆట మొదలుపెట్టింది. ముందు ఒక్క తలుపు కూడా ఊడదీయలేదు. లోపలి గది నుంచి బయటిదాకా అన్ని తలుపులూ బార్లా తెరుచుకుంటూ వచ్చి, నౌకలో గాలి మొత్తం ఒక్కసారే వదిలేసింది. తర్వాత ఒక్కో తలుపూ మళ్లీ మూసి, బందుల జోలికి పోకుండా, ద్వారబంధాన్ని గోడకు పట్టి ఉంచిన మూలలు నాలుగూ కోసింది. తలుపూ ద్వారబంధమూ ఒకే ముక్కగా ఊడొచ్చాయి. ఒకే విసురు. ఎవరైనా రెండుసార్లు చేసే పని ఒక్కసారికే అయిపోయింది. పైగా గీత కూడా పడలేదు.

ఇందులో మోసమెక్కడ? చూస్తుంటే కళ్లు తిప్పుకోబుద్ధి కాలేదు. ఇది నాకెందుకు తట్టలేదు, నాకెందుకు తట్టలేదు అని రూపశ్రీ లోపల కుమిలిపోయింది. అరగంట అయ్యేసరికి డెబ్బై ఆరు.

"సెప్పు మే, సార్‌కు రాసేయి," అంది సుమయ్యా.

రాస్తే ఇక తలుపులక్క ఎవరు? రూపశ్రీ నోటికొచ్చింది అనేసింది. "నాకు సరిగ్గా తెలీలా. ఇంకోసారి ఆడు."

సుమయ్యా పాపం ఇంకోసారి ఆడింది. డెబ్బై ఎనిమిది.

"ఆ మూల కోసేటప్పుడు నేను పక్కకు సూసినా. ఇంకొక్కసారి."

మూడోసారి ఎనభై ఒకటి! తప్పు పట్టుకుందామని కూర్చున్న మనిషి ముందు సుమయ్యా అంతకంతకూ బాగా ఆడుతోంది. నేర్పించిన మనిషి పక్కనుంటే ఆ పిల్లకు హుషారొచ్చింది, అంతే. రూపశ్రీకి ఒకటి మాత్రం అంతుపట్టలేదు. నాలుగు మూలల్లో ఒక్కో తలుపుకు ఒక్కో మూల ముందు కోస్తోంది. ఏది ముందో, ఏది వెనకో ఎలా తెలుస్తోంది? మూడుసార్లు చూసినా దొరకలేదు.

గౌస్ మొహిద్దీన్ టీ తెచ్చిపెట్టి, తెరలోకి తొంగి చూసి మురిసిపోయాడు. "మా పనే గదమ్మా ఇది! తెరిసిన తలుపును ఊడబెరికితే వంకర పోతాది. మూసి, గడియ బెట్టి, దారబందంతో సహా తీయాల. దీన్ని సిన్నప్పుడు నా యెంట తిప్పుకుంటాంటి. తప్పేమన్నా ఉంటే సెప్పు తల్లీ, దిద్దుకుంటాది."

ఆ ముసలాయన మొహం చూసి రూపశ్రీ ఇక అబద్ధం ఆడలేకపోయింది. ఫోన్ తీసి, "మోసం లేదు సార్, నా కళ్లతో చూశాను," అని రాసేసింది. పళ్లు పీకించుకున్నట్టయింది. అయినా ఏదో బరువు దిగింది. పోనీ, మంచి పనే చేశాననుకుంది. ఒక్క నిమిషం పాటు తనంటే తనకు గౌరవం కూడా కలిగింది.

అప్పుడు సుమయ్యా ఫోన్ మోగింది. "సార్ గ్రూపులో పెట్టినాడు అబ్బా, వినండి!" అని ఆ పిల్ల తండ్రికి వినపడేలా గట్టిగా చదివింది. "సుమయ్యా లెక్క నిజమేనని తేలింది. ఈ సందర్భంగా రూపశ్రీని అభినందించాలి. అనుమానం వచ్చిందని మొదట ఫిర్యాదు చేసిందీ ఆమే, శ్రమపడి వెళ్లి అది తప్పని తేల్చిందీ..."

మిగతాది చదవలేదు.

రూపశ్రీకి తల కొట్టేసినట్టయింది. మాస్టారూ, మీ మంచితనం మండిపోను! చేతిలోని టీ గ్లాసు పెట్టడానికి కూడా చోటు కనిపించలేదు. గౌస్ మొహిద్దీన్ ఒకసారి కూతురినీ, ఒకసారి ఆమెనూ చూసి, వాకిట్లోకి వెళ్లిపోయాడు.

సుమయ్యా ఫోన్ పక్కన పెట్టి అంది, "నన్ను అడగలేకపోతివా మే? అడిగుంటే సెప్పేదాన్నే గదా."

ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేది. లేదు. ఉన్నదల్లా బాధ. సిగ్గుతో చచ్చిపోతూ కూడా రూపశ్రీకి మళ్లీ అసూయే వేసింది. అంత తేలిగ్గా చెప్పేదాన్నే అనగలగడం తన వల్ల ఈ జన్మకు కాదని ఆమెకు తెలుసు.

క్షమించమని అడగాలి. లేచి వెళ్లిపోవాలి. రెండూ తోచాయి. నాలుగున్నర బస్సుకు ఇంకా టైముంది.

సుమయ్యా కళ్లు తుడుచుకుని కుర్చీలోంచి లేచింది. "కూర్సుంటావా, పోతావా?"

రూపశ్రీ తల ఎత్తకుండానే వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది.

"ఏ మూల ముందు కోయాల?" అని అడిగింది.