బట్లరు గారి తెల్ల సాసు

మా ఆయన బాలస్వామి గారు బందరులో దొరల బంగళాలో ముప్పై ఏళ్ళు బట్లరు. దొరలు ఓడెక్కి వెళ్ళిపోయారు గానీ, వాళ్ళ తెల్ల సాసు మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది. ఆదివారం చర్చి నుంచి రాగానే ఉడికించిన పండుగప్ప చేప మీద ఆ సాసు పడాల్సిందే. వెన్నలో మైదా వేయించి, చిక్కటి పాలు, మీగడ పోసి ఆయనే కలిపేవారు. నన్ను గరిటె ముట్టుకోనిస్తేనా!

ఆ వేసవిలో కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. "పిత్తాశయం వాచిందమ్మా. వెన్న, మీగడ మానకపోతే ఈసారి నా చేతుల్లో ఉండదు" అన్నారు డాక్టరుగారు.

ఈయన మానారు. వాటితోపాటు అన్నమూ మానారు! రెండు ముద్దలు తిని కంచం తోసేయడం, గోడకేసి తిరిగి పడుకోవడం. నెల తిరిగేసరికి చొక్కా వేలాడిపోతోంది. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చేవి. వెన్న తీసిన పాలతో సాసు చేసి పెడితే, "ఇది సాసా, కుడితా?" అన్నారు. ఆ గిన్నె నెత్తిన బోర్లిద్దామన్నంత మండింది.

సాసుకి ఆయన పెట్టే పరీక్ష ఒకటుంది. బంగళాలో భోజనం ముందు దొరగారి ప్రార్థన చాలా పొడుగట. ప్రార్థన ముగిసేసరికి సాసు మీద తొరక కడితే అది సాసు, లేకపోతే కాదు. నా సాసుకి తొరక రాలేదు మరి.

మర్నాడు అన్నం వార్చి గంజి పక్కన పెట్టాను. కాసేపటికి చూస్తే, దాని మీద తొరక! ఓరి దేవుడా, ఇన్నాళ్ళూ కళ్ళెదుటే ఉంది కదా అనుకున్నాను.

ఆదివారం కొత్త బియ్యం మెత్తగా ఉడికించి, చిక్కటి గంజిని గుడ్డలో వడగట్టాను. రెండుసార్లు మీగడ తీసిన పాలు కలిపి, లవంగాలు గుచ్చిన ఉల్లిపాయ వేసి, సన్నటి సెగ మీద తిప్పాను. చివర్లో మిరియాల పొడి, ఉప్పు. చేప మీద పోసి ఆయన ముందు పెట్టాను.

ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టారు. నేను ఒంటి కన్ను తెరిచి సాసునే చూస్తున్నాను. పాపమే, తెలుసు. ఆయన ఊళ్ళో రోగులందర్నీ తలుచుకునేలోపు తొరక ముడతలు పడింది. ఆమెన్ అని, చెంచాతో నొక్కి చూసి, చేపంతా తినేశారు. ఇంకొంచెం వెయ్యమన్నారు కూడా! వంటగదిలోకెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

అలా ఆరు ఆదివారాలు. మామూలు రోజుల్లో అన్నమూ సరిగా తింటున్నారు. డాక్టరుగారు చూసి, "వాపు తగ్గింది, మనిషి తేరుకున్నారు" అన్నారు. గంజి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

ఏడో ఆదివారం ప్రార్థన ఎప్పటిలాగే మొదలైంది. నా ఒంటి కన్నూ ఎప్పటిలాగే తెరుచుకుంది.

"ప్రభువా, ప్రార్థనలో కన్ను తెరిచి సాసుకి కాపలా కాస్తున్న నా దయామణిని క్షమించు. మొదటి రోజు నుంచీ నేనూ తెరిచే చూస్తున్నాను, నన్నూ క్షమించు. ఇన్నేళ్ళూ ఈవిడని సాసు గరిటె ముట్టుకోనివ్వలేదు. మొదటి చెంచాకే నా నాలుకకి తెలిసిపోయిన ఈ గంజితో నన్ను బతికించిన ఆ చేతుల్ని దీవించు."

నేను రెండో కన్నూ తెరిచి ఆయన వైపు చూశాను.

"ఆమెన్ అనవే, చల్లారిపోతోంది" అన్నారాయన.