పిండికట్టు ప్రపంచయాత్ర

ఎవరూ పోని ప్రయాణానికి తనను తీసుకుపోవడం లేదని దేవదాస్ మధ్యాహ్నం అన్నం మానేశాడు. సాయంత్రం చాయ వేళకు ఆ సంగతి లక్సెట్టిపేటలోని వాళ్ల గల్లీ మొత్తానికి తెలిసిపోయింది. చెప్పింది దేవదాసే. అన్నం మానేసిన సంగతి పదిమందికీ తెలియకపోతే ఇక మానేసి ఏం లాభం అనుకున్నాడేమో, హోటల్ ముందు బల్ల మీద కూర్చుని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు. చెబుతూ చెబుతూ రెండు ప్లేట్ల మిర్చి బజ్జీలు తిన్నాడు.

ఈ గొడవంతా ఆయన భార్య బాలలక్ష్మి కాలు దగ్గర మొదలైంది. మంచిర్యాల నుంచి వస్తూ ఆటో ఇంకా ఆగకముందే దిగబోయి రోడ్డు మీద పడింది. బొక్కల డాక్టరు మోకాలి కింది నుంచి పాదం దాకా పిండికట్టు వేసి, నెలన్నర దాకా కాలు కింద పెట్టొద్దన్నాడు. పెళ్లయిన నాటి నుంచి పగటిపూట నడుం వాల్చి ఎరగని మనిషి ఆమె. మొదట్లో పైన తిరిగే ఫ్యానును చూస్తూ గడిపింది. చూసి చూసి చివరికి ఫ్యాను మీదే కోపం తెచ్చుకుంది.

అది గమనించి కోడలు నవీన తన ఫోను తెచ్చి అత్త చేతిలో పెట్టింది. అందులో మంచుకొండలు, వాటి కింద నీలంగా చెరువు, చెరువు పక్కన గడ్డి మేస్తున్న బలిసిన ఆవులు.

"ఎక్కడికి పోదామో చెప్పుండ్రి అత్తమ్మా. ఉత్తుత్తిగనే. ఇంట్ల కూసోని ప్రపంచమంత తిరుగుదాం" అంది నవీన.

"ఎక్కడికన్న మంచిదే బిడ్డా. గీ ఫ్యాను లేని దిక్కు పోదాం" అంది బాలలక్ష్మి.

అట్లా మొదలైంది. పక్కింటి కమలవ్వ కూర అడగడానికి వచ్చి ఆవులను చూసి, తానూ వస్తానంది. ఆమెకు ఒకటే షరతు. ఏ దేశం పోయినా సరే, పొద్దుగూకేసరికి ఇంటికి రావాలి, కోళ్లను గంప కింద కమ్మాలి. ఎదురింటి లింగమూర్తి ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. బాలలక్ష్మి కాలు ఎట్లుందో అడగడానికి వచ్చినవాడు, డ్రైవరు లేకుండా ఇంతమంది ఆడవాళ్లు ఎట్లా పోతారని తనంతట తానే బృందంలో చేరిపోయాడు. విమానం నడపడం వచ్చా అని నవీన అడిగితే, "స్టీరింగంటూ ఉన్నంక ఏదైతేంది బిడ్డా, నడుపుడే" అన్నాడు.

ఇక దేవదాస్ గురించి చెప్పాలి. ఆయన పద్దెనిమిదేళ్లు దుబాయిలో ఉండి వచ్చాడు. వచ్చిన నాటి నుంచి గల్లీ విదేశీ వ్యవహారాలన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి. వాన పడితే దుబాయిలో వాన ఎట్లా పడుతుందో చెబుతాడు. కరెంటు పోతే దుబాయిలో కరెంటు పోదని చెబుతాడు. ఒకసారి ఎవరింట్లోనో చావుకు పోయి, "మా దుబాయ్‌ల అయితే" అని మొదలుపెట్టబోతే బాలలక్ష్మి మోచేత్తో పొడిచి ఆపింది.

అటువంటి మనిషి ఇంట్లోనే ఉండగా, విదేశాల గురించి ఆయనను ఒక్క ముక్క అడగకుండా నలుగురు కూర్చుని ప్రపంచయాత్ర వేసుకుంటున్నారు! మొదటిరోజు ఆయన నవ్వాడు. "మంచం దిగరాదు గని ప్రపంచం తిరుగుతరట" అన్నాడు. మర్నాడు నవ్వకుండా, అడిగితే సలహా ఇద్దామని కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు. ఎవరూ అడగలేదు. ఆ మర్నాడు కమలవ్వే అసలు సంగతి లేవనెత్తింది.

"అందరం పోతే మరి ఇల్లెవలు జూస్తరు చెల్లె?"

బాలలక్ష్మి కొంచెం కూడా ఆలోచించలేదు. "గీయన ఉంటడు గద అక్కా. ప్రపంచమంత జూసొచ్చిండు, మల్లెందుకు తిప్పుడు?"

అదీ, అన్నం మానేసిన కథ.

ఉత్తుత్తి ప్రయాణమే కదా, ఇంట్లో ఉండిపోయినా తాను పోగొట్టుకునేదేముందని దేవదాస్ తనకు తాను చెప్పుకున్నాడు. మనసు ఒప్పుకోలేదు. పైగా తాను బజ్జీలు తిని ఇంటికి వచ్చేసరికి లింగమూర్తి తన కుర్చీలోనే కూర్చుని, ఎడారిలో బస్సు దిగబడితే టైర్ల కింద గోనెసంచులు ఎట్లా వేయాలో వివరిస్తున్నాడు. ఎడారి గురించి! ఎడారిలో బతికి వచ్చినవాడు గడపలో నిలబడి ఉండగా!

మామ ముఖం చూసి నవీనకు జాలేసింది. "మామయ్యను గూడ తీస్కపోదాం అత్తమ్మా" అంది మర్నాడు.

"తీస్కపోదాం గని ఊకెనే ఎట్ల వస్తడు? వీసా గావాలె గద" అంది బాలలక్ష్మి. "దుబాయ్ పోయేటప్పుడు గీయనను బొంబాయిల నిలవెట్టి సవాళ్లు అడిగిన్రట. మనం గూడ అడుగుదాం. రమ్మను."

దేవదాస్ బింకంగానే వచ్చాడు. కానీ వచ్చేముందు తల దువ్వుకున్న సంగతి అందరూ చూశారు. బాలలక్ష్మి రెండు మెత్తలు వెనక వేసుకుని, కట్టు వేసిన కాలు మూడో మెత్త మీద పెట్టుకుని పెద్ద ఆఫీసరు లెక్క కూర్చుంది.

"పేరు?"

"పేరేందే? ఇన్నేండ్ల సంది నీ మొగన్ని, పేరెరుక లేదా నీకు?"

"పేరు చెప్తలేడు. మంచిది. ఏం పని వస్తది?"

"షట్టరింగ్. నా చేతుల మీద ఎన్ని బిల్డింగులు లేసినయో నీకేమెరుక!"

"మేం బిల్డింగులు జూడవోతున్నం, కట్టవోతలేం. అన్నం వండుడు వస్తదా? బట్టలు పిండుడు?"

కమలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లింగమూర్తి పెద్దమనిషి తీరులో గొంతు సవరించుకున్నాడు.

"మాతోని ఎందుకు వస్తనంటున్నవ్?" బాలలక్ష్మి మళ్లీ అడిగింది.

"కాలు ఇరగ్గొట్టుకుంటివి. నిన్ను జూసుకునేటందుకు ఒక మనిషి ఉండద్దా?"

"పద్దెనిమిదేండ్లు ఎవలు జూసుకున్నరో గాళ్లే జూసుకుంటరు."

గది కొంచెం ఇబ్బందిగా మారేసరికి నవీన మాట మార్చాలనుకుంది. పాపం, ఆ పిల్ల ఈ ఇంటికి వచ్చి రెండేళ్లు కూడా కాలేదు, ఏది అడగొచ్చో ఏది అడగొద్దో ఇంకా తెలియదు. "అంతకాలం ఉన్నరు గద మామయ్యా, అత్తమ్మను ఒక్కసారన్న దుబాయ్ తీస్కపోలేదా?" అంది.

ఇది దేవదాస్‌కు బాగా అలవాటైన ప్రశ్న. సెలవు మీద వచ్చినప్పుడల్లా గల్లీ అంతా అడిగేది. అందుకే జవాబు కూడా ఆలోచించకుండానే నోట్లోంచి జారింది. "నేనేం జేద్దు బిడ్డా! ఎన్నిసార్లు వెట్టిన, ఈమెకు వీసా ఇయ్యలే గాళ్లు."

బాలలక్ష్మి ఆయన వైపు నిదానంగా చూసింది.

"పాస్‌పోర్టే లేనిదానికి వీసా ఎట్ల వెట్టినవయ్యా?"

కమలవ్వకు కోళ్లు గుర్తొచ్చాయి, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు. లింగమూర్తికి ఇంట్లో నల్లా బంద్ చేయలేదని గుర్తొచ్చింది. నవీన చాయ పెట్టడానికి పోయింది. ఒక్క నిమిషంలో ఆఫీసంతా ఖాళీ అయి ఆఫీసరు, దరఖాస్తుదారుడు మిగిలారు.

దేవదాస్ ఆ కుర్చీలోనే కూర్చుని చేతిగోళ్లు చూసుకున్నాడు. ఇన్నేళ్లూ ఆమె నమ్మిందనుకున్నాడు. అంత తెలివిగల భార్యను ఇంత తేలికగా నమ్మించగలిగానని లోలోపల కొంచెం గర్వపడ్డాడు కూడా. ఆ గర్వమంతా ఇప్పుడు ఎటు పోయిందో తెలియలేదు.

"రూముల ఎనిమిది మందిమి ఉండెటోళ్లం" అన్నాడు చివరికి, నేల వైపు చూస్తూ. "ఇనుప మంచాలు, ఒకదాని మీద ఒకటి. పొద్దు పొడవకముందే బస్సెక్కిచ్చెటోళ్లు, పొద్దుగూకినంక దించెటోళ్లు. నిన్ను దెచ్చి ఎక్కడ వెడ్దు? నాకు ఒక్కనికే ఏసీ రూము అని జెప్పి ఉంటిని నీకు."

"ఎరుకే."

"ఎట్లెరుక?"

"వీడియో కాల్‌ల నీ తలకాయెనుక ఎవలియో కాళ్లు ఏలాడుతుండె. ఒక్కని రూముల అన్ని కాళ్లెక్కడియి?"

దేవదాస్‌కు నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వు దగ్గయింది. బాలలక్ష్మి పక్కనున్న చెంబు ఆయన వైపు జరిపింది.

"ఎరుకుంటే ఒక్కనాడన్న అడగకపోతివి?"

"అడిగితే ఏమైతుండె? ఇంకొకటి జెప్పెటోనివి. నాకు రూము గూడ అక్కెర లేకుండె. రా అని ఒక్కసారి నోటిమాటకన్న అంటే అయిపోతుండె. నేనే వద్దంటుంటి."

ఆయన చెంబెత్తి నీళ్లు తాగాడు. నవీన చాయ తెచ్చి ఇద్దరి ముఖాలూ చూసి, కప్పులు అక్కడే పెట్టి చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది.

వీసా మర్నాడు మంజూరైంది. సామాన్లు మోయాలి, పొద్దున చాయ ఆయనే పెట్టాలి, లింగమూర్తితో లొల్లి పెట్టుకోవద్దు, దుబాయి ముచ్చట ఎవరన్నా అడిగితేనే చెప్పాలి. చివరి షరతు దగ్గర దేవదాస్ కొంచెం బేరమాడి చూశాడు. ఆఫీసరు వినలేదు.

ఆ తర్వాత యాత్ర జోరుగా సాగింది. ఒరిగిన గోపురం చూసి, దాన్ని కట్టిన మేస్త్రీని పనిలోంచి తీసేసి ఉంటారని కమలవ్వ అంది. పునాది కింద నేల మెత్తనైతే మేస్త్రీ ఏం చేస్తాడని దేవదాస్ మేస్త్రీ తరఫున గట్టిగా వాదించాడు. అర్ధరాత్రి దాకా సూర్యుడు మునగని దేశంలో ఆడవాళ్లు ఎన్నిసార్లు వంట చేయాల్సి వస్తుందోనని బాలలక్ష్మి పరేషానైంది. అక్కడ కోళ్లను ఎప్పుడు కమ్మాలో తేలక కమలవ్వ ఆ దేశానికే రానంది. పొద్దున్నే లేచి చాయ పెట్టే మనిషి నిజంగానే పెడుతున్నాడు. మొదటివారం అది చాయలాగా లేదు. రెండోవారానికి ఫరవాలేదనిపించింది.

అందరూ జపానులో ఉండగా డాక్టరు కట్టు కోసేశాడు.

కట్టుతో పాటు యాత్ర కూడా తెగిపోయింది. బాలలక్ష్మి గోడ పట్టుకుని వంటింటికి, వంటింటి నుంచి వాకిలికి నడిచింది. వాకిట్లో పేరుకున్న చెత్త చూసి అందరినీ తిట్టింది. నవీన ఫోను నవీన దగ్గరికి పోయింది. కమలవ్వ పసుపు ఏరే పనిలో పడింది. లింగమూర్తి కూతురింటికి హుస్నాబాద్ పోయాడు, అదీ బస్సులో, ప్రయాణికుడిగా.

దేవదాస్ మాత్రం తిరిగి రాలేదు. మొదటిరోజు యాత్రను చూసి నవ్వినవాడు ఒక్కడే జపానులో మిగిలిపోయాడు. నలుగురూ తనను అక్కడ వదిలేసి చెప్పకుండా రైలెక్కినట్టు అనిపించింది ఆయనకు.

"జపాన్ అయినంక ఎటు వోదాం?" అని వంటింటి గడపలో నిలబడి అడిగాడు.

"బజారుకు వో. అల్లం అయిపోయింది" అంది బాలలక్ష్మి.

అల్లం తెచ్చి పెట్టి, ఆయన మళ్లీ అక్కడే నిలబడ్డాడు.

"నీకు పాస్‌పోర్టు తీద్దాం."

"ఎందుకు?"

"ఎందుకేంది? నిజంగనే పోదాం. దూరం గాకపోయినా, దగ్గర్ల ఏదో ఒక దేశం. రా, నాతోని."

బాలలక్ష్మి అల్లం పొట్టు తీయడం ఆపలేదు. "ఇప్పుడు యాదికొచ్చిందా? నాకేం వద్దు. మంచిగ మంచంల పండుకోని అంత జూసొచ్చిన. కాళ్లు గూడ నొయ్యలే."

అక్కడితో అయిపోయిందనుకున్నాడు దేవదాస్. అయినా మంచిర్యాల పోయి, ఏమేం కాగితాలు కావాలో అడిగి వచ్చాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. గల్లీలో కూడా ఎవరికీ చెప్పలేదు, అది ఆయనకు కొత్త. అయితే హోటల్‌లో కూర్చున్నా ఏమీ మాట్లాడటం లేదని, ఒంట్లో బాగాలేదేమోనని ఇద్దరు ముగ్గురు అడిగారు.

కొన్నాళ్లు పోయాక ఒక పొద్దున ఆయన చాయ వడపోస్తుంటే బాలలక్ష్మి వచ్చి పక్కన నిలబడింది. గ్లాసు అందుకుని ఊదుకుంటూ, ఎటో చూస్తూ అడిగింది.

"పాస్‌పోర్టు ఫొటోకు ఏ రంగు చీర గట్టుకుంటే మంచిగ వడ్తది?"

దేవదాస్ వడపోత పక్కన పెట్టాడు. చాలా ఆలోచించి, "ఏదైనా మంచిగనే ఉంటది నీకు" అన్నాడు.

"నిన్ను అడిగిన జూడు, నాది తప్పు" అని, బాలలక్ష్మి కొంచెం కుంటుతూ గోడ దగ్గరికి పోయి, "కమలక్కా, ఓ కమలక్కా!" అని పిలిచింది.