ఆరోగ్యంగానే వెళ్ళింది

లాడ్జిలో దిగిన మూడో రోజు ఉదయం శ్రీవాణికి జ్వరం వచ్చింది. డార్మిటరీలో కిటికీ పక్క మంచం మీద ముడుచుకుని పడుకుంది. కింద కౌంటర్ చూసుకునే రుక్మిణి పైకి వెళ్ళి నుదుటి మీద చెయ్యి వేసింది. కాలిపోతోంది.

"ఎండల తిరగకు అని చెప్పిన గద బిడ్డా. ఈ చంద్రపూర్ ఎండ మీ దిక్కు ఎండ లెక్క ఉండది."

"కోట గోడ సగమే చూశానండీ. పఠాన్‌పురా గేటు మిగిలిపోయింది," అంది శ్రీవాణి, నవ్వబోయి కళ్ళు మూసుకుంటూ.

ఆమెది రాజమండ్రి. ప్రైవేటు బళ్ళో సోషల్ టీచరు. ఏటా వేసవి సెలవుల్లో ఒక్కతే వీపున సంచి తగిలించుకుని జనరల్ బోగీల్లో తిరుగుతుంది. చవగ్గా మంచం దొరికిన చోట దిగి ఏదో ఒక పాత ఊరు చూసి వస్తుంది. ఈసారి గోండు రాజుల కోట గోడ కోసం వచ్చింది. జట్‌పురా గేటు దగ్గరి ఈ లాడ్జిలో తెలుగు వినపడేసరికి సంబరపడి, రెండు సాయంత్రాలూ కౌంటర్ దగ్గరే కూర్చుని రుక్మిణితో కబుర్లు చెప్పింది. రుక్మిణిది రాజురా దగ్గరి పల్లె. భర్త పోయాక తొమ్మిదేళ్ళుగా ఇక్కడే పని. కౌంటర్ వెనక చిన్న గదిలోనే ఉంటోంది.

తొమ్మిదిన్నరకు యజమాని అనంతరావు వచ్చి కౌంటర్ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పదింటికి పెళ్ళోళ్ళు దిగుతరు. పైన మంచాలన్నీ ఖాళీ చేయించు."

"ఆ పిల్లకు జ్వరమున్నది సేట్. రైలు అయిదింటికి. అప్పటిదాంక..."

"దవాఖాన పెట్టినమా మనం?"

రుక్మిణి గదిలో కూలర్ ఉంది, నులక మంచం ఉంది. శ్రీవాణిని అక్కడ పడుకోబెట్టవచ్చని ఆమెకు తోచింది కూడా. కానీ అనంతరావు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. రుక్మిణి మెట్ల వైపు నడిచింది. పైకి వెళ్ళి, జ్వరం మాత్ర మింగించి, సీసాలో చల్లటి నీళ్ళు పోసి ఇచ్చింది.

"స్టేషన్ల వెయిటింగ్ హాల్ ఉంటది. సీదా ఆడికే పో. ఎటూ తిరగకు."

"అలాగేనండీ," అంది శ్రీవాణి. మెట్లు దిగుతూ రెండుసార్లు గోడ పట్టుకుంది.

ఆమె స్టేషన్‌కు వెళ్ళలేదు. మాత్రతో కాస్త నెమ్మదించిందో, ఒక్క గేటే కదా చూసి పోదామనుకుందో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం రెండింటికి పఠాన్‌పురా గేటు దగ్గర చెరుకు రసం అమ్మే మనిషి ఆమెను చూశాడు. వీపున సంచితోనే కోట గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, పిలిస్తే పలకడం లేదు. ఆటోలో ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయాడు. ఆ రోజు ఎండ నలభై ఆరు డిగ్రీలు. నాలుగు కాకముందే ప్రాణం పోయింది.

పర్సులో లాడ్జి రసీదు చూసి పోలీసులు వచ్చారు. అనంతరావు రుక్మిణిని వంటింటి వైపు తీసుకుపోయాడు.

"పోయేటప్పుడు మంచిగనే ఉండె అని చెప్పు. జ్వరం మాట తీస్తివా, లాడ్జికి తాళం పడ్తది. నువ్వెక్కడుంటవ్ మరి?"

రుక్మిణి అట్లాగే చెప్పింది. కానిస్టేబుల్ మరాఠీలో రాసుకున్నాడు.

మర్నాడు పదకొండింటికి శ్రీవాణి అన్న నితిన్ పక్క ఊరు బల్లార్షాలో రైలు దిగి ఆసుపత్రికి వచ్చాడు. అతనికి మరాఠీ రాదు, హిందీ అంతంత మాత్రం. తెలుగు మనిషి తోడుంటే మంచిదని అనంతరావే రుక్మిణిని పంపాడు. శవాగారం బయట రేకుల కింద నితిన్ కాగితాలు పట్టుకుని కూర్చున్నాడు.

"సంతకం పెడితే చెల్లిని ఇస్తారటండీ. ఏం రాశారో చదివి చెబుతారా?"

రుక్మిణి మరాఠీ బళ్ళో ఏడో తరగతి దాకా చదివింది. పేరు, వయసు, ఊరు చదివి తెలుగులో చెప్పింది. ఎక్కడ దొరికిందో చెప్పింది. తర్వాతి వాక్యం తను చెప్పిందే. లాడ్జి నుంచి ఆరోగ్యంగానే వెళ్ళింది.

ఆమె ఆగిపోయింది.

"ఏం రాశారండీ?"

"పోయేటప్పుడు మంచిగనే ఉండె అని రాసిన్రు." కాగితం ఒళ్ళో పెట్టుకుంది. "అబద్ధమయ్యా. నేనే చెప్పిన. పొద్దుగాలనే జొరమున్నది పిల్లకు. మంచం ఖాళీ చెయ్యమని పంపించినం. నా అర్ర ఉండె, కూలర్ ఉండె. పండుకో అని అనలే."

నితిన్ ఆమె ఒళ్ళోంచి కాగితం తీసుకున్నాడు.

"పడుకోనిస్తే బతికేదా?"

"బతుకుతుండెనేమో."

అతను లేచి వెళ్ళి కానిస్టేబుల్‌ను పిలుచుకొచ్చాడు. కానిస్టేబుల్ విసుక్కున్నాడు, పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేశాడు, చివరికి కొత్త కాగితం తీశాడు. రుక్మిణి ఈసారి జరిగిందంతా చెప్పి కింద సంతకం పెట్టింది. ఈలోగా సంగతి అనంతరావుకు చేరింది. ఫోన్‌లో ఒక్కటే మాటన్నాడు: "పొద్దుమూకకముందు నీ సామాన్లు తీస్కపో."

లోపల్నుంచి ఒకామె వచ్చి, గుడ్డ చుట్టాలి, ఆడమనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగింది. నితిన్ చుట్టూ చూశాడు. రుక్మిణి తప్ప ఎవరూ లేరు.

"మీరే వెళ్ళండి," అన్నాడు, ముఖం తిప్పుకుని.

రుక్మిణి లోపలికి వెళ్ళింది. శ్రీవాణి ముఖం ఎండకు కమిలి నల్లబడింది. పాదాల నిండా దుమ్ము. రుక్మిణి తన కొంగు తడిపి పాదాలు తుడిచింది, జుట్టు సర్ది ముడి వేసింది, పిలవడానికి వచ్చినామెతో కలిసి గుడ్డ చుట్టింది.

అంబులెన్స్ ఎక్కించాక నితిన్ లోపల కూర్చుని తలుపు వేసుకున్నాడు. ఆమె వైపు చూడలేదు. చూస్తాడని ఆమె కూడా అనుకోలేదు. బండి గేటు దాటేదాకా ఎండలోనే నిలబడి, తరువాత తన ఊరి వైపు పోయే రాజురా బస్సు ఎన్నింటికో అడగడానికి రోడ్డు మీదికి నడిచింది.