వెన్నెల తాతకు బాకీపడ్డ మిఠాయి బుట్ట

గ్వీఫెన్‌ను ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకటే సందేహం పీకుతోంది. వెన్నెల తాత తన కోరిక తీర్చినట్టా, తీర్చనట్టా?

ఇరవై మూడేళ్ళ వయసులో ఆవిడ చైనాలోని హెంగ్‌డియన్ ఊరి చివర కొండ మీదున్న గుడికి వెళ్ళి, జంటలను కలిపే ఆ తాత ముందు ఎర్రదారం కట్టింది. లారీ నడిపే గావ్‌తో పెళ్ళి చేయించమనీ, చేయిస్తే బుట్టెడు పెళ్ళి మిఠాయిలు తెచ్చి పెడతాననీ మొక్కుకుంది. ఆరు నెలలు తిరక్కుండా పెళ్ళయితే అయింది. కానీ టోఫూ అమ్మే లౌతో అయింది. మరి మిఠాయిలు బాకీ ఉన్నట్టా, లేనట్టా?

ఏటా గుడికెళ్ళి, నెలవంక ఆకారంలో ఉన్న రెండు చెక్కబిళ్ళలు నేల మీద వేసి అడిగేది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అవునని. రెండూ బోర్లా పడితే కాదని. రెండూ వెల్లకిలా పడితే తాత నవ్వుతున్నాడని. ముప్పై ఒక్క ఏళ్ళూ తాత నవ్వుతూనే ఉన్నాడు. దేవుడి బాకీ ఎగ్గొట్టినదాన్నై పోతానేమోనని గ్వీఫెన్‌కు మాత్రం నవ్వు రాలేదు.

ఆ ఏడు వాళ్ళింటి మేడగదిలోకి రూవెన్ అనే అమ్మాయి అద్దెకు దిగింది. సీరియళ్ళకు స్క్రిప్టు రాస్తుంది. ఆమె రాస్తున్నది గ్వీఫెన్ ఫోన్లో మూడుసార్లు చదివిన ప్రేమ నవలకే. అందులో పట్టు నేసే అమ్మాయి, సరిహద్దుకు వెళ్ళిన సేనాపతి కోసం పన్నెండేళ్ళు ఎదురుచూస్తుంది. సేనాపతి ఉత్తరాలు రాస్తాడు. ఆ రోజుల్లో గావ్ కూడా రెండు రాశాడు. రెండోదాంట్లో టైర్ల ధరలు తప్ప మరేమీ లేదు గానీ, ఉత్తరం ఉత్తరమే కదా!

ఆ ఊళ్ళోనే సీరియల్ షూటింగ్ మొదలైన రోజు కెమెరా ముందు అగరొత్తులు వెలిగిస్తుంటే, గ్వీఫెన్ కూడా వెళ్ళి దణ్ణం పెట్టుకుంది. అంతటితో ఊరుకోక కొండెక్కి, ఆ నవల జంట పేరు మీద ఒక ఎర్రదారం కట్టి వచ్చింది.

వారం తర్వాత పొద్దున్నే నూడుల్స్ వడ్డిస్తూ అడిగింది.

"అమ్మాయ్, ఇవాళైనా సేనాపతి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంటాడా?"

"పట్టుకోడు పిన్నీ. మొన్నటి నుంచి అతను ఆమెకి అన్నయ్య."

గరిటె జారి గిన్నెలో పడింది. "అన్నయ్యేంటే! నూట ఇరవయ్యో అధ్యాయంలో వాళ్ళకి కవలలు పుడతారు!"

"ఆ నటుడు ఇరవై రోజులే ఇచ్చాడు. ప్రేమికుడైతే రోజూ ఎదురుగా రావాలి. అన్నయ్యైతే సరిహద్దులో కూర్చుని ఉత్తరాలు రాస్తే సరిపోతుంది."

"నేను దారం కట్టొచ్చానే! అన్నాచెల్లెళ్ళకి కట్టినట్టయిందే! ఆ పాపం ఎవరికి?"

"నిర్మాతకి."

"మరి పెళ్ళెవరితో?"

"మందులు నూరే వైద్యుడితో."

"వాడు మూడో పేజీలోనే పాము కరిచి చచ్చాడుగా!"

"కరిచింది. బతికాడు. వైద్యుడేగా."

ఆ రోజు నుంచి గ్వీఫెన్ యుద్ధం ప్రకటించింది. నూడుల్స్‌లో ఉప్పు పట్టించిన పందిమాంసం ముక్కలు నాలుగు నుంచి రెండయ్యాయి. నవలలోని రాకాసి అత్తగారు సీరియల్లో హీరోయిన్ స్నేహితురాలిగా మారిందని తెలిసిన పూట ఒక్కటే ముక్క పడింది. అదీ కాగితంలా పలచగా. శనివారం అసలేమీ పడలేదు.

"ఇవాళ పౌర్ణమి. మాకు మాంసం నిషిద్ధం."

రూవెన్ ఫోన్ చూసింది. "పౌర్ణమి వెళ్ళి ఆరు రోజులైంది పిన్నీ."

"మా వీధికి ఆలస్యంగా వస్తుంది."

రూవెన్ గిన్నె పక్కకు జరిపింది. "అసలు ఆ సేనాపతి మీద నీకెందుకింత పట్టుదల?"

గ్వీఫెన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో మొగుడికి కూడా చెప్పని లారీ కథ, మొక్కు కథ, చెక్కబిళ్ళల కథ అన్నీ చెప్పేసింది. చెప్పి, కాస్త భయంగా అడిగింది.

"నువ్వంటే మనిషివి, డబ్బులిస్తే మారుస్తావు. దేవుడు కూడా అడిగినవాణ్ణి మార్చేసి ఇంకొకణ్ణి ఇస్తాడంటావా? లేక నా పొరపాటు దారానికి ఈయన తగులుకున్నాడా?"

రూవెన్ ఆలోచించింది. "దేవుడి సంగతి నాకు తెలీదు పిన్నీ. నేనైతే చెప్పిన వేళకి వచ్చేవాడికే పెద్ద పాత్ర ఇస్తాను. ఆ వైద్యుడు తన సీన్ లేని రోజు కూడా వచ్చి కూర్చుంటాడు."

అప్పుడే వీధి తలుపు తోసుకుని లౌ వచ్చాడు. టోఫూ కొట్టు కొడుక్కి అప్పజెప్పాక ఆయన సీరియళ్ళలో శవంగా పనిచేస్తున్నాడు. గుండెల్లో బాణం, మొహమంతా ఎర్రరంగు. తీసుకోవడం మరిచిపోయి వీధంతా అలాగే నడిచొచ్చాడు. చొక్కా లోపలి నుంచి చిన్న పొట్లం తీశాడు. షూటింగ్‌లో పెట్టే భోజనంలో కోడికాలు రోజూ తినకుండా పెళ్ళానికి తెచ్చిపెట్టడం ఆయనకు అలవాటు.

"వేడిగా ఉన్నప్పుడే తినవే. అది నలగకూడదని బోర్లా పడకుండా వెల్లకిలా చచ్చాను ఇవాళ."

పెళ్ళికి ముందు కూడా ఆయన అంతే. వానైనా, మంచైనా, వేళ తప్పకుండా వేడి టోఫూ గిన్నె ఆవిడ పుట్టింటి గుమ్మంలో పెట్టి వెళ్ళేవాడు. ఉత్తరం ముక్క ఎప్పుడూ రాయలేదు. ఆయనకు అక్షరాలు అంతంత మాత్రం.

గ్వీఫెన్ కోడికాలి వంక చూసింది. బాణం వంక చూసింది. ముప్పై ఒక్కసార్లు నవ్విన తాత గుర్తొచ్చి, ఆవిడకు కూడా నవ్వు ముంచుకొచ్చింది.

"అమ్మాయ్, కుండలో మాంసం ఉంది, నీకెన్ని కావాలో అన్ని వేసుకో" అని, చెప్పులేసుకుని బజారుకు వెళ్ళి ఎర్ర కాగితం చుట్టిన మిఠాయిలు బుట్టెడు కొనుక్కొచ్చింది.

"ఎవరి పెళ్ళికే?" అన్నాడు లౌ.

"మనదే. ఆ బాణం పీకేసి బుట్ట పట్టుకో. కొండెక్కాలి."

ఎక్కారు. బుట్ట వెన్నెల తాత పాదాల దగ్గర పెట్టి గ్వీఫెన్ మూడుసార్లు వంగి దణ్ణం పెట్టింది. "ఆలస్యమైంది తాతా, తప్పు కాయి" అంది. చెక్కబిళ్ళల జోలికి మాత్రం పోలేదు. లౌ అటూ ఇటూ చూసి ఒక మిఠాయి జేబులో వేసుకోబోతే, చేతి మీద ఒక్కటిచ్చి, దాన్ని మళ్ళీ బుట్టలోనే వేయించింది.