అంగీకార పత్రంలో ఏడు తప్పులు

పాపకి పది నెలలు, ఏడున్నర కిలోలు. మనిషి ఇంత, ఘాటు అంత అని అమ్మమ్మ మిరియం అని పిలవడం మొదలుపెట్టింది. అసలు పేరు టీకాల కార్డులో మిగిలిపోయింది. ఏడ్చినప్పుడల్లా కుడి గజ్జల్లో గోలీకాయంత ఉబ్బు లేస్తోందని చూపిస్తే, పిల్లల సర్జన్ హెర్నియా అన్నాడు. అరగంట పని, బుధవారం పొద్దున్నే తీసుకురండి అన్నాడు.

తండ్రి బడి పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫ్ రీడర్. పన్నెండేళ్లుగా అదే కుర్చీ. సెలవు చీటీలో "కుమార్తె శస్త్రచికిత్స" అని రాసి, ఒత్తులన్నీ సరిచూసుకుని మరీ ఇచ్చాడు.

ఆరింటికి ఆఖరి పాలు. పదిన్నరకి ఆపరేషన్. ఎనిమిదింటికల్లా మిరియానికి విషయం అర్థమైంది. తల్లి కొంగు పట్టుకుని గుక్కపెట్టి ఏడ్చింది.

"అమ్మ దగ్గర పాల వాసన వస్తుంటే ఊరుకోదమ్మా. మీరు కిందికెళ్లి మందుల షాపు దగ్గర కూర్చోండి. నాన్న ఎత్తుకుంటారు," అంది సిస్టర్.

తల్లి మెట్టుకోసారి వెనక్కి చూస్తూ దిగింది. నాన్న ఎత్తుకున్నాడు. కుళాయి తిప్పి చూపించాడు. లిఫ్టు తలుపులు చూపించాడు. గోడకున్న మంటలార్పే సిలిండర్ చూపించి, అది ఎలా పనిచేస్తుందో దాని మీదున్న సూచనలు చదివి వినిపించాడు. మిరియం ఆస్పత్రి కప్పు లేచిపోయేలా ఏడ్చింది. వరండాలో పోయేవాళ్లంతా ఆగి, పాపకి ఆకలేస్తున్నట్టుందండీ అని చెప్పారు. మొత్తం తొమ్మిది మంది. అతను తొమ్మిది మందికీ థాంక్స్ చెప్పాడు.

అప్పుడు సిస్టర్ అంగీకార పత్రం తెచ్చింది. అతను పాపని ఎడమ భుజానికి మార్చుకుని, జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. పావుగంట తర్వాత ఆమె వచ్చి కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"సార్, సంతకం ఎక్కడ పెట్టారు?"

"ఇంకా పెట్టలేదండీ. మూడో పేరాలో ప్రాణాపాయానికి దీర్ఘం పోయింది. ప్రాణపాయం అని పడింది, చూడండి. అరుదుగా అనేది అరుదగా అయింది. మొత్తం ఏడున్నాయి."

"ఆరేళ్లుగా అందరూ దీని మీదే సంతకాలు పెడుతున్నారు సార్. ఒక్కరూ చెప్పలేదు."

"చదివి ఉండరు."

"మీరు చదివారా?"

అతను చదివింది అక్షరాలు. ఇప్పుడు వాక్యం చదివాడు. అరుదుగా ప్రాణాపాయం సంభవించవచ్చును. దిద్దాక ఎక్కడా తడబాటు లేదు, చాలా స్పష్టంగా ఉంది. పాప అతని చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని, అది పాలు కాదని తేల్చుకుని, మళ్లీ ఏడుపు అందుకుంది. అతను సంతకం పెట్టాడు. ఆ సంతకాన్ని ఏ బ్యాంకూ ఒప్పుకునేది కాదు.

మత్తు డాక్టరమ్మ ఇంకో కాగితంతో వచ్చింది.

"జలుబు?"

"లేదండీ."

"దగ్గు?"

"లేదండీ."

"కట్టుడు పళ్లు?" అని, తలెత్తి పాపని చూసి, "సారీ, ఇది అందరినీ అడిగేది," అంది.

"రెండున్నాయండీ. సొంతవే."

ఆవిడ అదే రాసుకుంది.

పాప బెదరకుండా తండ్రిని లోపలిదాకా రానిచ్చారు. పచ్చ గౌను తొడిగారు, టోపీ పెట్టారు, రబ్బరు చెప్పులిచ్చారు. రెండూ ఎడమకాలివే. థియేటర్‌లో పెద్ద దీపం చూడగానే మిరియం ఏడుపు టక్కున ఆపి నవ్వింది. అంతసేపూ అతను చూపించినవాటిలో ఏ ఒక్కటీ నచ్చలేదన్నమాట. మాస్కు మొహం మీదికి రాగానే నవ్వు పోయింది. తల విదిలించి, తండ్రి కళ్లల్లోకి చూస్తూ ఏడ్చింది. ఇదంతా చేయిస్తున్నది నువ్వే కదా అన్నట్టు చూసింది. అతను పాపని ఒళ్లో అదిమి రెండు చేతులూ పట్టుకున్నాడు. కాసేపటికి మత్తెక్కి, ఏడున్నర కిలోలు పదిహేనయ్యాయి.

"ఇక వదిలెయ్యండి సార్."

"వదిలేశానండీ," అన్నాడు. వదల్లేదు. సిస్టర్ అతని వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది.

బయటికొచ్చి భార్యకి ఫోన్ చేశాడు. "లోపలికి తీసుకెళ్లారు. పైకి రా." ఇంతలో బెంచీ మీద కూర్చున్న పెద్దావిడ ఒకరు గబుక్కున లేచి ఎదురొచ్చింది.

"డాక్టరుగారూ, మా ఆయనకెలా ఉంది? రాళ్లన్నీ తీసేశారా?"

అతను గౌను వైపు చూసుకున్నాడు. "నేను డాక్టర్ని కాదమ్మా. మా పాప కూడా లోపలే ఉంది."

ఆవిడ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. రెండు ఎడమ చెప్పుల దగ్గర ఆమె చూపు కాసేపు ఆగింది. సంచీ పక్కకి జరిపి చోటిచ్చింది. అతను కూర్చున్నాడు. ఇద్దరూ ఎదురుగా ఉన్న తలుపుని చూస్తూ ఉండిపోయారు.

భార్య ఆయాసపడుతూ వచ్చింది. "ఏడ్చిందా?"

"కొంచెం."

"కొంచెమంటే?"

"నేను బయటికి వచ్చేసరికి నిద్రపోయింది."

ఆమె అతని టోపీ తీసి, మడిచి, తన బ్యాగులో పెట్టుకుంది. అది ఆస్పత్రిదని ఇద్దరికీ తోచలేదు.

ముప్పై అయిదు నిమిషాలకి సర్జన్ వచ్చాడు. "అయిపోయింది. శుభ్రంగా ఉంది. లేవగానే పాలివ్వచ్చు."

తండ్రికి ఏదైనా అనాలనిపించింది. "మంచిదండీ," అన్నాడు. తర్వాత బాత్రూంకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాడు. మొహం కడుక్కుని వచ్చాడు.

మెలకువ రాగానే మిరియం ముందు తల్లిని చూసింది, తర్వాత తండ్రిని చూసింది. తండ్రిని చూసి ఏడ్చింది. పాలు తాగినంతసేపూ ఓరగా అతన్నొక కంట కనిపెడుతూనే ఉంది. ఎత్తుకోబోతే కాలితో తన్నింది.

"బాగానే తంతోంది," అన్నాడు సర్జన్, సంతృప్తిగా.

సాయంత్రం ఇంటికి పంపించేశారు. ఆటోలో తల్లి ఒళ్లో నిద్రపోతున్న పాప కాలొకటి, ఎప్పుడు జరిగిందో గానీ, అతని తొడ మీదికి చేరింది. అతను అరగంట సేపు కదల్లేదు. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడు కూడా కదల్లేదు. దిగేసరికి కాలు తిమ్మిరెక్కి, గేటు దగ్గర కుంటుతూ నిలబడ్డాడు.

కింది వాటా ఆవిడ వరండాలోంచి చూసి, "అయ్యో, ఆపరేషన్ మీకా అండీ?" అంది.

"కాదండీ, పాపకి."

పాప అప్పుడే లేచి, ఆవిడని చూసి నవ్వింది. ఆవిడ అతని మాట నమ్మినట్టు లేదు.