తియ్యమంటే తీసేశారు

మా ఇంట్లో కంప్యూటర్ రాత్రికి రాత్రే తనను తాను బాగు చేసుకుంది. బాగు చేసుకోమని దాన్ని ఎవరూ అడగలేదు. పొద్దున్న ఆన్ చేసేసరికి ఎడమ మూలన ఉండాల్సిన బొత్తాం మధ్యకొచ్చి కూర్చుంది. మాటలున్న చోటల్లా బొమ్మలు వెలిశాయి. మనం నిద్రపోతుంటే ఎవరో వంటింట్లోకి దూరి, ఉప్పు డబ్బా చోట పంచదార డబ్బా పెట్టి, రెండింటి మీదా ఉన్న పేర్లు గీకేసి పోయినట్టుంది. పైగా తెర నిండా ఒక నవ్వుమొహం వేసి "మీ కోసం అంతా సులువు చేశాం" అని రాశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తాను. నా పనిలో అద్దం వెంట్రుకవాసి పక్కకు జరిగినా పెట్టుకున్న మనిషికి సాయంత్రానికల్లా తలనొప్పి. మళ్ళీ నా దగ్గరికే వచ్చి నాలుగు తిట్టి పోతారు, తిట్టాలి కూడా. వీళ్ళు బొత్తాన్ని జానెడు దూరం జరిపేసి నవ్వుమొహం పెట్టారు. వీళ్ళని తిట్టడానికి ఏ దుకాణానికి వెళ్ళాలో ఎవరికీ తెలీదు.

మామూలు రోజయితే తిట్టుకుంటూ సర్దుకుపోయేదాన్ని. కానీ ఆరోజే మా మామగారి గొంతు పంపించాల్సి ఉంది.

మామయ్య పండ్ల మార్కెట్లో వేలంపాట పాడేవారు. బుట్టల మధ్య స్టూలెక్కి ఆయన పాట అందుకుంటే మార్కెట్ అవతలి గేటు దగ్గర లారీలు కడిగేవాళ్ళకి కూడా వినిపించేదట. అలాంటి గొంతులో పుండు లేచింది. అది మంచిది కాదని, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలని డాక్టర్లు తేల్చేశారు. మనిషి బతుకుతారు, తింటారు, తిరుగుతారు, మాట మాత్రం ఉండదు. ఆస్పత్రిలో మాట పోయినవాళ్ళకి మళ్ళీ మాట నేర్పే ఆవిడ ఒకరున్నారు. ఆపరేషన్‌కి ముందే ఆయన చేత కొన్ని వాక్యాలు చదివించి రికార్డు చేసి ఇస్తే, ఆ గొంతుతోనే మాట్లాడే పరికరం తయారు చేయిస్తానన్నారు. ఆయన వేలితో ఏది టైపు చేస్తే అది ఆయన గొంతుతోనే పలుకుతుందట.

అలా మా ముందుగది స్టూడియో అయింది. మా ఆయన సరుకు ఓడలో ఇంజను పని చేస్తారు, సిగ్నల్ దొరికినప్పుడే దొరికే మనిషి. ఓడెక్కే ముందు వాళ్ళ నాన్న కోసం కంప్యూటర్ భాష తెలుగులోకి మార్చి, 'గొంతు' అని ఒక ఫోల్డర్ పెట్టి వెళ్ళారు. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన వాక్యాలకి తలా తోకా ఉండేది కాదు. "నీలం గొడుగు మెట్ల కింద ఉంది." "మా పక్కింటివాళ్ళకి రెండు పిల్లులు కావాలి." ఇలాంటివి. మామయ్య వాటిని కూడా వేలం పాడినట్టే చదివేవారు. పిల్లుల వాక్యం ఆయన నోట వింటే మనమే చెయ్యెత్తి ఇంకో పిల్లి ఎక్కువ అడుగుతామేమో అనిపించేది. అత్తయ్య వంటింట్లోంచే నవ్వేది, ఆ నవ్వు కూడా రికార్డయి మళ్ళీ చదవాల్సి వచ్చేది.

చివరికి వచ్చేసరికి గొంతు జీరపోయింది. ఇక ఎక్కువ మాట్లాడొద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. మంచి గొంతు అంటూ ఇక మిగిలింది ఆ ఫోల్డర్‌లోనే. కంప్యూటర్ వేషం మార్చిన మర్నాడే ఆస్పత్రిలో చేరాలి, ఆ మర్నాడు ఆపరేషన్.

ఆరోజు మధ్యాహ్నం భోజనం వేళకి ఇంటికెళ్ళి నేనే పంపిద్దామనుకున్నాను. దుకాణంలో నాతో పనిచేసే అమ్మాయి జ్వరమని రాలేదు. నేను కదలడానికి లేకపోయింది. ఇంతలో ఆస్పత్రి ఆవిడ ఫోన్ చేసి, తను ఇవాళ తొందరగా వెళ్ళిపోతోందని, వీలైనంత త్వరగా పంపమని చెప్పింది. పొద్దున్న టైము చాలక, పంపే పేజీ మాత్రం తీసి పెట్టి వచ్చాను. ఫోల్డర్‌లో ఉన్నవి అందులో పడేస్తే సరిపోతుంది. అదెంత పని అనుకుని ఇంటికి ఫోన్ చేశాను. మామయ్య ఫోన్ స్పీకర్లో పెట్టి కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

"మామయ్యా, 'గొంతు' అని రాసున్న ఫోల్డర్ కనిపిస్తోందా?"

"ఉందమ్మా, ఎదురుగానే ఉంది. నొక్కితే ఏవో బొమ్మలొచ్చాయి. కత్తెర, రెండు కాగితాలు..."

"ఆ బొమ్మల జోలికి పోకండి. ముందు దాన్ని తియ్యండి."

"తియ్యమంటావా?"

"తియ్యండి మామయ్యా."

మౌస్ చప్పుడు వినిపించింది. ఆయన ఏదో కూడబలుక్కుంటూ చదువుకుంటున్నారు.

"తియ్యాలా వద్దా అని అదే నన్ను అడుగుతోందమ్మా."

"దానికెందుకట ఆ పెత్తనం? తియ్యమని చెప్పండి."

"ఆఁ, తీసేశా," అన్నారు. కాస్త ఆగి, "ఇప్పుడేం కనబడట్లేదే," అన్నారు.

నా చేతిలో ఉన్న అద్దం జారి బల్ల మీద పడింది. పగల్లేదు గానీ, పగిలినా నేను చూసుండేదాన్ని కాదు.

తప్పెవరిదని చెప్పను? మనం తలుపు తియ్యమంటే తెరుస్తాం. లైటు తియ్యమంటే ఆర్పేస్తాం. చొక్కా తియ్యమంటే విప్పుతాం, ఫొటో తియ్యమంటే కెమెరా పట్టుకుంటాం. ఇన్ని పనులు ఒక్క మాట నెత్తిన రుద్ది హాయిగా బతికేస్తున్నాం, ఎందుకంటే ఎదురుగా తలుపో లైటో ఉంటుంది, దాన్ని చూస్తే ఏం చెయ్యాలో తెలిసిపోతుంది. ఆ కంప్యూటర్ చేసినవాళ్ళేమో, మౌస్ దగ్గరికి తెస్తేనే కనిపించేలా, ఒక బొమ్మకి 'తెరువు' అని పేరు పెట్టారు, ఇంకో బొమ్మకి 'తీసివేయి' అని. మా ఇంట్లో ఎవరూ దేన్నీ తెరవరు, తీస్తారు. మామయ్య కోడలు చెప్పిన మాట కోసం వెతికారు. దానికి దగ్గరగా ఉన్నది దొరికింది, నొక్కారు. మళ్ళీ ఒకసారి అడిగి మరీ నొక్కారు.

ఏమీ ముట్టుకోవద్దని చెప్పి ఫోన్ పెట్టేశాను. కళ్ళజోడు కోసం వచ్చి కుర్చీలో కూర్చుని ఉన్న సంగీతం మాస్టారుగారికి రేపు రమ్మని దండం పెట్టి, షట్టర్ దించేశాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది గానీ దారిలో ఏం కనిపించిందో నాకు గుర్తులేదు.

ఇంటికెళ్ళేసరికి మామయ్య కుర్చీని కంప్యూటర్‌కి బాగా దూరం జరుపుకుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అత్తయ్య గుమ్మంలోనే మంచినీళ్ళు చేతికిచ్చి, "మీ మామయ్యని ఏమీ అనకమ్మా," అంది మెల్లిగా. ఆయన్ని అనడానికి నాకు నోరెలా వస్తుంది, చెప్పిందే నేనైతే.

తీసేసినవన్నీ చెత్తబుట్టలోకి వెళ్తాయి, అందులోంచి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ ధైర్యంతోనే వచ్చాను. కానీ తెర మీద చెత్తబుట్టే లేదు. దాన్ని కూడా మా కోసం సులువు చేసేశారు. వెతికే గడిలో 'చెత్తబుట్ట' అని కొట్టాను. అది మా కంప్యూటర్‌లో తప్ప లోకమంతా వెతికొచ్చి, అమ్మకానికున్న ప్లాస్టిక్ బుట్టలు వరసగా చూపించింది. మూతవి, మూతలేనివి, చక్రాలవి. నా భుజం మీంచి వంగి చూస్తున్న అత్తయ్య, "ఆ కాలితో నొక్కేది బాగుంది," అంది.

తర్వాత 'సెట్టింగులు' అన్న చోటికి వెళ్ళాను. అందులో 'మరిన్ని సెట్టింగులు' ఉన్నాయి. వాటిలో 'సంబంధిత సెట్టింగులు' ఉన్నాయి. ఎవరికి సంబంధమో చెప్పలేదు. ఒకటి నొక్కితే ఇంకోటి పుట్టుకొస్తూ, చివరికి ఎప్పటిదో పాత కిటికీ ఒకటి బయటపడింది. కొత్త గోడ వెనక పాత గుమ్మాన్ని అలాగే వదిలేశారు. అందులో చెత్తబుట్టకి ఎదురుగా టిక్కు పెట్టాను. బుట్ట తెర మీదికొచ్చింది. గుండె చిక్కబట్టుకుని నొక్కాను.

'ఈ ఫోల్డర్ ఖాళీగా ఉంది.'

మూసి మళ్ళీ చూశాను. ఖాళీ. నా నోటిమాట వల్ల ఆయన నోటిమాట పోయిందని ఒక్కటే తిరుగుతోంది బుర్రలో. మా ఆయనకి ఏం చెప్పాలి, అత్తయ్య మొహం ఎలా చూడాలి. ఏడుపొచ్చేసింది, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

మామయ్య కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. మైకు అందుకుని చొక్కాతో తుడిచారు.

"పోనీలేమ్మా. ఉన్న గొంతుతోనే చదువుతా. ఎంతొస్తే అంత," అన్నారు.

వద్దన్నాను. మాట్లాడకూడదన్న డాక్టర్ మాట గుర్తుచేశాను. అత్తయ్య కూడా వద్దంది. ఆయన ఎవరి మాటా వినలేదు. ఎల్లుండి నుంచి ఎలాగూ దాచుకునేదేమీ ఉండదు కదా అన్నట్టు చూశారు. రికార్డు చేసే ప్రోగ్రాం తీశాను, అదే, తెరిచాను. దాని ఎర్ర బొత్తాం మాత్రం పాత చోటే ఉంది, ఎవరికో దయ కలిగినట్టుంది.

"నీలం గొడుగు..." అన్నారు. గొంతు తెగిపోయింది. గుటక మింగి మళ్ళీ మొదలుపెట్టారు. ఇసుక మీద బస్తా ఈడ్చినట్టుంది ఆ గొంతు. 'మెట్ల' అన్న మాట దాకా వచ్చి అక్కడే ఆగిపోయారు. అత్తయ్య లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆపేశాను.

దీన్ని ఎక్కడ దాచాలని అడిగింది ప్రోగ్రాం. ఎక్కడో అక్కడ దాచుకోమని నొక్కాను. ఎప్పుడూ దాచే చోటే గదా, దానంతటదే ఒక కిటికీ తీసి చూపించింది. పైన పేరు 'గొంతు'. కింద వరసగా ఫైళ్ళు, తెర చివరిదాకా.

ముందు నమ్మలేదు. ఒకటి నొక్కాను.

"మా పక్కింటివాళ్ళకీ... రెండూ పిల్లులు కావాలీ!"

మార్కెట్ గొంతు. గది నిండిపోయింది. వంటింట్లోంచి అత్తయ్య పరిగెత్తుకుంటూ వచ్చి, మామయ్య నోటి వైపు చూసి, తర్వాత కంప్యూటర్ వైపు చూసి, కింద కూర్చుండిపోయింది. అదే ఫైల్లో వెనక ఆవిడ నవ్వు కూడా ఉంది. ఇక మేం ముగ్గురం నవ్వామో ఏడ్చామో పక్కింటివాళ్ళనే అడగాలి.

అసలు జరిగిందేమిటంటే, కొత్త వేషంలో కంప్యూటర్ ముందు పేజీలో మనకి కావలసినవి ఇవీ అని తనే కొన్ని ఫోల్డర్లు వరసగా పెట్టి చూపిస్తోంది. అవి ఫోల్డర్లు కావు, వాటి బోర్డులు. మామయ్య తీసేసింది ఆ బోర్డుని. ఫోల్డర్ ఉన్నచోటే నిక్షేపంగా ఉంది. తీసివేయాలా అని అడిగే పెట్టెలో, ఎక్కడి నుంచి తీస్తున్నారో ఒక్క ముక్క రాస్తే దాని సొమ్మేం పోయింది? మనకి 'తియ్యి' అంటే అన్ని అర్థాలుంటే, దానికి ఇంకోటి ఉంది. తీసినట్టు కనిపించడం, తియ్యకపోవడం. ఆ దిక్కుమాలిన అర్థమే మమ్మల్ని కాపాడింది కాబట్టి ఆ పూటకి తిట్లు మానేశాను.

ఫైళ్ళన్నీ ఎంచుకుని ఆస్పత్రి పేజీలో పడేశాను. ఆకుపచ్చ గీత తాబేలులా కదిలింది, కదిలినంతసేపూ ముగ్గురం దాని ముందే కూర్చున్నాం. అది నిండిన కాసేపటికి, మా కోసమే ఇంకా ఆగి ఉన్న ఆస్పత్రి ఆవిడ ఫోన్ చేసింది. అన్నీ అందాయి, గొంతు చాలా బాగుంది, కాకపోతే చివరిదొక్కటి బాగాలేదు, తీసేస్తాను అంది. ఆ మాటకి మామయ్య కళ్ళు పెద్దవి చేసి నా వైపు చూశారు. పర్లేదు, తియ్యండి అన్నాను. ఆ సాయంత్రం ఆకలి బాగా వేసింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. గాయం మానాక మామయ్య ఇంటికొచ్చారు. పరికరం కూడా వచ్చింది, పలకంత ఉంది. ఇంటికొచ్చాక ఆయన దాన్ని వెంట పెట్టుకు తిరిగారే గానీ వాడలేదు. ఏదైనా కావాలంటే సైగ చేసేవారు, లేదా మంచం కోడు మీద తట్టేవారు. అత్తయ్యకి మిషన్ మాట వినాలంటే భయం అని మాకందరికీ తెలుసు. అది మామయ్య గొంతేనని నేను ఎన్నిసార్లు చెప్పినా, ఉండనివ్వమ్మా, మెల్లిగా చూద్దాం అనేది.

ఒకరోజు పొద్దున్న నేను దుకాణానికి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. అత్తయ్య వెనక వరండాలో బట్టలారేస్తోంది. మామయ్య పలక ఒళ్ళోకి తీసుకుని, ఒక్కో అక్షరం చూసుకుంటూ నొక్కారు. పెళ్ళయిన నాటి నుంచి ఆయన ఆవిడని పేరు పెట్టి పిలవలేదు. పిలిచేది ఒకే ఒక్క మాట.

"ఇదిగో," అంది పలక, మామయ్య గొంతుతో.

"ఆఁ, వస్తున్నా ఉండండి, చేతులు తడిగా ఉన్నాయి," అంది వరండాలోంచి అత్తయ్య.

కొంగుకి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, ఏం కావాలని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపారు. ఏమీ అక్కర్లేదు. పిలిచారంతే.