కదిలేవాటి దగ్గరికి

హ్యేరన్ ఆఖరి ఎలుకపిల్లను గాజు పెట్టె మూలన పెట్టి, చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. గూట్లో పడుకున్న తల్లి ఎలుక తలెత్తి చూసింది. బయట దేజొన్ ఊరంతా మిట్టమధ్యాహ్నం. ఈ నేలమాళిగలో మాత్రం ఒక్క ఎర్ర దీపమే వెలుగుతోంది. ఎలుకలు చీకట్లోనే మెలకువగా ఉంటాయి కాబట్టి ఇక్కడ వాటి కోసం పగటిని రాత్రి చేశారు.

తల్లి వచ్చింది. పిల్లను వాసన చూసింది. నోట కరుచుకోబోయి ఆగి, పక్కకు తిరిగి పెట్టెలో పరిచిన రంపపు పొట్టు తవ్వడం మొదలుపెట్టింది. గులాబి రంగు పిల్ల వెల్లకిలా పడి కాళ్లు తన్నుకుంటోంది.

"ఇదీ అంతేనా అక్కా?" పక్క బల్ల మీంచి సొల్బి అడిగింది.

"అంతే. దగ్గరికొస్తుంది. ఎందుకొచ్చిందో మర్చిపోతుంది."

"నువ్వు కాలు ఊపడం ఆపితే గుర్తొస్తుందేమో! బల్లంతా అదిరిపోతోంది."

హ్యేరన్ కాలు ఆపింది. కాసేపటికి అది మళ్లీ తనంతట తానే ఊగసాగింది.

నలభై దాటిన మనిషి. వాసన పడితే ఎలుకలు బెదురుతాయని సబ్బూ క్రీమూ మానేసింది. కడిగి కడిగి వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలింది. ఎలుకను ఎలా పట్టుకోవాలో తనకంటే చాలా చిన్నదైన సొల్బి దగ్గరే నేర్చుకుంది. ఈ గదిలో ఉద్యోగం ఏటికేడు పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఈ ఏడాది పొడిగింపు కాగితం ఇంకా రాలేదు.

ఇంతకు ముందు ఆమె ఎదుటి భవనంలో, ప్రొఫెసర్ తాక్ దగ్గర పనిచేసింది. నరాల కణాల పొర మీద ఉండే ఒక ప్రొటీన్‌ను స్ఫటికంగా పెంచి, ఎక్స్‌రేల కింద పెట్టి దాని ఆకారం రాబట్టడం వాళ్ల పని. యౌవనమంతా దానికే పోయింది. స్ఫటికం కుదురుగా పెరగాలంటే చుట్టూ ఏదీ కదలకూడదు. తలుపు గట్టిగా వేస్తే తాక్ కసిరేవాడు. చివరికి ఆకారం దొరికింది. ఆ రోజు అందరూ మాంసం కాల్చుకుని, సోజు తాగి పాటలు పాడారు. హ్యేరన్ మాత్రం తెర మీది ఆ మెలికల బొమ్మను చూస్తూ, "ఇది లేకపోతే ఏమవుతుంది సార్?" అని అడిగింది.

"అది మన పని కాదమ్మా. తాగు."

ఆ ప్రశ్న ఆమెను కూర్చోనివ్వలేదు, పడుకోనివ్వలేదు. స్థిరమైన ఉద్యోగం వదులుకుంటానని చెప్పినప్పుడు తాక్, "బంగారం లాంటి కుర్చీ వదిలి ఎలుకల పెంట ఎత్తడానికి పోతావా?" అన్నాడు. ఆ తర్వాత భోజనశాలలో ఎదురైనా మొహం తిప్పుకునేవాడు.

అందుకే తలుపు తెరుచుకుని తాక్ లోపలికి రావడం ఆమె అనుకోనిది. గబుక్కున లేచి ఆయనకు ఇంకో కుర్చీ జరిపి, తన చోట కూర్చుంది. మనిషి చిక్కిపోయాడు. ఈ నెలాఖరుకు పదవీ విరమణ. పైవాళ్లు మాత్రం ఇంకొన్నాళ్లు ఉండి కొత్త విద్యార్థుల్ని తీసుకోమంటున్నారని అందరూ చెప్పుకుంటున్నారు.

"ఈ ఎలుకకి ఏమైంది?" అన్నాడు, పెట్టె మీదికి వంగి.

"మన ప్రొటీనే సార్. పుట్టుకతోనే దీనికి అది లేకుండా చేశాం. పిల్లల్ని గూటికి తెచ్చుకోలేకపోతోంది."

"మన ప్రొటీన్." ఆయన తల ఊపాడు. చెయ్యి చొక్కా జేబు తడిమింది, కళ్లజోడు తడిమింది, మళ్లీ జేబు దగ్గరికి వెళ్లింది. చాలాసేపు చూశాడు. "ఈ ఎలుకకి ఏమైంది?" అన్నాడు, అదే గొంతుతో.

వేళాకోళం అనుకుని సొల్బి కిసుక్కున నవ్వింది. హ్యేరన్ కాలు ఆగిపోయింది.

"నువ్వెళ్లి అన్నం తినిరా తల్లీ," అన్నాడాయన సొల్బితో. ఆ అమ్మాయి వెళ్లాక, "ఎన్నిసార్లు అడిగాను?"

"రెండుసార్లు సార్."

"నయం. మూడనుకున్నా." ఎర్ర వెలుగులో ఆయన మొహం కనిపించీ కనిపించనట్టుంది. "ఇంట్లో వయసంటారు. నా దగ్గరున్న పిల్లలు భయానికి నోరెత్తరు. చూడడమేగా ఇప్పుడు నీ పని? నన్ను చూసి చెప్పు."

"నాకు ఎలుకలే తెలుసు సార్. డాక్టర్ దగ్గరికి వెళ్లండి."

"పోతాలే. కానీ పైవాళ్లకి ఇవాళే జవాబు చెప్పాలి. ఐదుగురు కొత్త విద్యార్థులు వాళ్ల బతుకులు తెచ్చి నా చేతుల్లో పెడతారు. చెప్పవే."

లేచి గది బయటికి పారిపోవాలనిపించింది హ్యేరన్‌కి. ఆయన జేబు తడిమే చేతిని చూసింది. పొట్టు తవ్వుతున్న తల్లిని చూసింది.

"ఒప్పుకోకండి సార్," అంది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అప్పుడు నన్ను తిట్టిపోసి వెళ్లావు కదూ?" అన్నాడు.

"నేనెక్కడ తిట్టాను సార్? మీరే తిట్టారు."

"నేనా!" అని నవ్వాడు. నిజంగా మర్చిపోయాడో, ఆట పట్టిస్తున్నాడో ఆమెకు అంతు పట్టలేదు. ఫోన్ తీసి, "తాక్‌నండి. నా వల్ల కాదు. అబ్బే, కోపం కాదు. మా అమ్మాయి దగ్గరికి, గంగ్‌నుంగ్ వెళ్లిపోతున్నాం," అన్నాడు. తొణకని గొంతు. ఫోన్ పెట్టేసి, మళ్లీ జేబు తడుముకున్నాడు.

లేచి, పెట్టె అద్దం మీద అరచెయ్యి ఆనించాడు. "మంచి ప్రశ్నే అడిగావు ఆ రోజు. నాకు జవాబు తెలీక తాగమన్నా."

హ్యేరన్ వంగి దణ్ణం పెట్టి తలెత్తేసరికి తలుపు మూసుకుంటోంది.

తర్వాత పిల్లను మళ్లీ మూలన పెట్టింది, తీసింది, పెట్టింది. రాయాల్సిన అంకె రెండుసార్లు తప్పు రాసింది. ఇక కూర్చోలేక లేచి, పరుగులాంటి నడకతో మెట్లెక్కింది.

గాజు తలుపు అవతల, పసుపురంగు జింకో ఆకులు పరుచుకున్న బాటమీద తాక్ నింపాదిగా నడుస్తున్నాడు. భార్య కారు తలుపు తెరిచి పట్టుకుంది. ఆయన కాళ్లకు ఎలుకల గది తెల్ల రబ్బరు చెప్పులు ఉన్నాయి. హ్యేరన్ పిలవబోయింది. కారు తలుపు పడింది.

ఆమె కిందికి దిగి వచ్చేసరికి, ఎలుకల గదిలోకి వచ్చేవాళ్లు చెప్పులు మార్చుకునే అరలో, కింది వరసన, నల్ల తోలు బూట్లు ఒక జత ఉన్నాయి. కొత్తగా పాలిష్ పట్టినవి. లేసులు లోపలికి మడిచి, మడమలు రెండూ గోడకు ఆనించి, ఒకదాని పక్కన ఒకటి కదలకుండా.